తుపాకీ గుర్తుల పోలిక: ఎన్ని గీతలు కలిస్తే "సరిపోయింది" అనవచ్చు?

చంద్రిక_ఎమ్మెస్సీ
ఫోరెన్సిక్ సైన్స్‌లో ఈ సెమిస్టరు మాకు ఆయుధాలు, పనిముట్ల గుర్తుల పేపరు ఉంది. నోట్సులో వర్గ లక్షణాలు, ఉపవర్గ లక్షణాలు, వ్యక్తిగత లక్షణాలు అని మూడు నిర్వచనాలు ఇచ్చి, "ప్రతి తుపాకీ తనదైన ముద్ర వేస్తుంది కనుక కంపారిజన్ మైక్రోస్కోపు కింద దానిని గుర్తుపట్టవచ్చు" అన్న వాక్యంతో అధ్యాయం ముగించారు. నిర్వచనాలు ఎలాగూ కంఠస్థం చేస్తాను. కానీ ప్రాక్టికల్లో ఒకే పిస్తోలు నుంచి కాల్చిన రెండు బుల్లెట్లను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మీద గొట్టం రాపిడికి పడిన గీతల్లో కొన్ని ఒకే వరుసలో కలిశాయి, వాటికంటే ఎక్కువ గీతలు కలవలేదు. ఎన్ని కలిస్తే సరిపోయినట్లు అని అడిగితే, అనుభవం మీద తెలుస్తుందని సమాధానం వచ్చింది. అనుభవం లేనివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

పాత_మైక్రోస్కోపు
బాలిస్టిక్స్ విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని. మీరు చివరి మెట్టు మీద నిలబడి మొదటి ప్రశ్న అడుగుతున్నారమ్మా. గీతల దగ్గరకు వెళ్ళేముందు, ఈ బుల్లెట్ ఈ తుపాకీది కాదు అని చెప్పగలమా అన్నది చూడాలి. అందుకు పనికొచ్చేవే వర్గ లక్షణాలు, అంటే క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), రైఫ్లింగ్‌లో, అంటే గొట్టం లోపల మెలికగా తీసిన గాడుల్లో, గాడులు ఎన్ని, అవి కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా, గాడికి గాడికి మధ్యనున్న గట్టు వెడల్పు ఎంత అన్నవి. కోల్ట్ రివాల్వర్లలో సాధారణంగా ఆరు గాడులు ఎడమకు తిరుగుతాయి. స్మిత్ అండ్ వెసన్‌లో ఐదు, కుడికి. మన పోలీసు స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉన్న పాయింట్ 303 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో మామూలుగా ఐదు, ఎడమకు. ఏకే రకాల్లో నాలుగు, కుడికి. శవంలో దొరికిన బుల్లెట్ మీద ఆరు గాడులు ఎడమకు తిరిగి ఉండి, పట్టుబడిన రివాల్వర్‌లో ఐదు కుడికి ఉంటే, ఆ జతకు సంబంధించిన పని అక్కడితో పూర్తవుతుంది.

ఇక్కడ తేడా కనిపించకపోతేనే తరువాతి మెట్టు ఎక్కాలి. పట్టుబడిన తుపాకీతో, వీలైతే అదే రకం తూటాలతో, నీళ్ళ ట్యాంకులోకో దూది పెట్టెలోకో రెండు మూడు సార్లు కాల్చి, ముందుగా ఆ పరీక్ష బుల్లెట్లను ఒకదానితో ఒకటి పోల్చాలి. ఆ తుపాకీ ఏ గుర్తులను ప్రతిసారీ వేస్తోంది, ఏవి ఒకసారి వేసి ఇంకోసారి మానేస్తోంది అన్నది తెలియకుండా నేర స్థలపు బుల్లెట్‌ను స్టేజీ మీద పెట్టడం తొందరపాటు. విద్యార్థులు ఎక్కువగా దాటవేసే మెట్టు ఇదే.

ఊరికే_చదువరి
సినిమాలో అయితే ఎస్సై గారు తూటాను వేళ్లతో పట్టుకుని దీపం వైపు తిప్పి, "ఇదే గన్ను సార్" అంటారు. నీళ్ళ ట్యాంకు ఖర్చు నిర్మాతకు మిగులుతుంది.

వరంగల్_వకీలు
సెషన్స్ కోర్టులో ముద్దాయిల తరఫున వాదిస్తాను. చంద్రిక గారు అడిగినది విద్యార్థి ప్రశ్నగా కనిపిస్తున్నా, బోనులో నిలబడిన నిపుణుడిని మేము అడగవలసిన ప్రశ్న కూడా అదే. ఈ రంగంవారి అంతర్జాతీయ సంఘం 1969లో ఏర్పడింది. వారు 1992లో ప్రకటించిన గుర్తింపు సిద్ధాంతం ప్రకారం, రెండు గుర్తుల మధ్య "తగినంత" పొందిక ఉంటే అవి ఒకే పనిముట్టువని చెప్పవచ్చు. ఎంత ఉంటే తగినంత అంటే, వేర్వేరు పనిముట్ల మధ్య ఇదివరకు కనిపించిన అత్యధిక పొందికను మించినంత అట. ఆ అత్యధికం ఎక్కడ రాసి ఉంది అంటే పరీక్షకుడి జ్ఞాపకంలో. 2009లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, 2016లో అక్కడి అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం ఈ లోటునే ఎత్తిచూపాయి.

మన దగ్గర పరిస్థితి ఇంకా తేలిక. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ నిపుణుడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా స్వీకరిస్తుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద ఆ నిపుణుడు కోర్టుకు రాకుండానే అతని నివేదికను చదువుకోవచ్చు, పిలవాలనుకుంటే పిలవవచ్చు. నేను చూసిన నివేదికల్లో చాలావాటికి ముగింపు మాత్రమే ఉంటుంది, ఆ ముగింపుకు ఎలా చేరుకున్నారో ఉండదు.

పాత_మైక్రోస్కోపు
వకీలు గారి విమర్శలో సగం ఒప్పుకుంటాను. నివేదిక ఒక పేజీతో ముగియకూడదు, ఫోటోలు జతచేయాలి. అయితే తీర్పు మనిషిది అయినంత మాత్రాన ఆధారం లేనిదనడం కుదరదు. 1958లో కలువా కేసులో సుప్రీంకోర్టు, దొరికిన ఖాళీ తూటా ఫలానా నాటు పిస్తోలుతో కాల్చినదేనన్న నిపుణుడి సాక్ష్యాన్ని నమ్మి ముద్దాయి మీది నేర నిర్ధారణను నిలబెట్టింది.

పరీక్షకులను పరీక్షించిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాల 2014 నాటి అధ్యయనంలో 218 మంది పరీక్షకులకు రూగర్ ఎస్‌ఆర్9 పిస్తోళ్ళతో కాల్చిన ఖాళీ తూటాలు పంపారు. వేర్వేరు పిస్తోళ్ళ నుంచి వచ్చిన 2180 జతల్లో 22 మాత్రమే పొరపాటున ఒకే పిస్తోలువని తేల్చారు. అంటే నూటికి ఒకటి. ఆ 22లో 20 కేవలం ఐదుగురు పరీక్షకులు చేసినవి.

వరంగల్_వకీలు
అదే అధ్యయనంలో 735 జతలకు "తేల్చలేము" అని రాశారన్న సంగతి కూడా చెప్పాలి కదా. తేల్చలేమన్నవాటిని సరైన జవాబుల పక్కన కూర్చోబెట్టి భాగిస్తే నూటికి ఒకటి వస్తుంది. వాటిని పక్కనపెట్టి, తేల్చిచెప్పిన వాటిలో ఎన్ని తప్పాయని 2016 నివేదిక లెక్కగడితే 66కు ఒకటి వచ్చింది, అసలు రేటు ఎంతదాకా ఉండవచ్చన్న పై హద్దు 46కు ఒకటి. జీవిత ఖైదు పడే కేసులో ఈ అంకె చిన్నదా పెద్దదా అన్నది జడ్జి నిర్ణయించుకోవాలి. అందుకు ఆ అంకె ముందు కోర్టు దాకా రావాలి.

పాత_మైక్రోస్కోపు
కోర్టుకు రావాలన్న మాటతో నాకు పేచీ లేదు. తేల్చలేము అనడాన్ని నేరంగా చూడటంతోనే పేచీ. పాడైపోయిన గుర్తును చూసి తేల్చలేమని రాసినవాడు తన పని సరిగా చేసినవాడు.

టూల్‌రూమ్_శేషు
బాలానగర్‌లో టూల్‌రూమ్ నడిపాను. తుపాకులు నాకు తెలియవు, లోహం మీద గీత ఎలా పుడుతుందో తెలుసు. ఉపవర్గ లక్షణాలు, అంటే ఒకే పనిముట్టుతో వరుసగా తీసిన ముక్కలన్నిటికీ వచ్చే గుర్తులు, అన్నది మా షాపులోకి వచ్చి చూస్తే ఒక్క పూటలో అర్థమవుతుంది.

బ్రోచ్ అంటే పొడవాటి కడ్డీ. దాని మీద పళ్ళు వరుసగా ఉంటాయి, ప్రతి పన్నూ ముందరి దానికంటే వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువ. దానిని గొట్టం గుండా ఒక్కసారి లాగితే గాడి తెగుతుంది. చివరి పళ్లలో ఒకదాని అంచు కొద్దిగా విరిగిందనుకోండి. ఆ రోజు అదే బ్రోచ్‌తో తీసిన గొట్టాలన్నిటిలోనూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒకే చోట ఒకే గీత పడుతుంది. బ్రోచ్‌కు మళ్లీ సాన పట్టేదాకా ఆ గీత వస్తూనే ఉంటుంది. మైక్రోస్కోపులో రెండు బుల్లెట్ల మీద ఆ గీత కలిస్తే అది బ్రోచ్ గుర్తు, గొట్టం గుర్తు కాదు. తెగిన చిప్పులు పళ్ళకు, గోడకు మధ్య ఇరుక్కుని గీరిన గీతలు మాత్రం ఏ గొట్టానికి ఆ గొట్టానివే.

మూతి భాగం చేత్తో ఆకురాయి పట్టి నునుపు చేసినప్పుడు గీతలు అడ్డదిడ్డంగా పడతాయి, రెండో ముక్కకు అదే అల్లిక రమ్మన్నా రాదు. లేత్ మీద తిప్పిన పిన్ను కొసన ఉంగరాల్లాంటి గీతలు వస్తాయి. టూల్ బిట్ మార్చకుండా తిప్పిన పిన్నులన్నిటికీ ఆ ఉంగరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. తూటా అడుగున కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ వేసిన గుంటలో ఉంగరాలు కలిశాయని సంబరపడేవాళ్లు ఒకసారి లేత్ ముందు నిలబడితే మంచిది.

చంద్రిక_ఎమ్మెస్సీ
శేషు గారూ, మా నోట్సులో ఉపవర్గ లక్షణాలకు రెండు పంక్తులు కేటాయించారు. ఆ రెండు పంక్తుల వెనుక ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది. మరి బుల్లెట్ మీద, ఖాళీ తూటా మీద కనిపించే గీతను చూసి అది ఉపవర్గానిదా కాదా అని ఎలా విడదీయాలి?

పాత_మైక్రోస్కోపు
గుర్తును మాత్రమే చూసి విడదీయలేరు, ఆ గుర్తు వేసిన భాగాన్ని చూడాలి. తుపాకీ బ్రీచ్ ఫేస్‌కు, అంటే కాల్చేటప్పుడు తూటా అడుగు ఆనుకునే ముఖానికి, అచ్చు తీసి మైక్రోస్కోపు కింద పెట్టండి. గీతలు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఎడతెగకుండా, మార్పు లేకుండా సాగితే, శేషు గారు చెప్పిన పనిముట్టు గీతలేమోనని అనుమానించి వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. మధ్యలో ఆగినవి, వంకరపోయినవి, అరుగుదల వల్ల, తుప్పు గుంటల వల్ల పుట్టినవి ఉంటే వాటి మీద ఆధారపడవచ్చు. ఆయుధం దొరకని కేసులో ఈ పరిశీలనకు వీలుండదు కనుక, అక్కడ మాట ఇంకా ఆచితూచి రాయాలి.

వరంగల్_వకీలు
ఆయుధం దొరకని కేసు అంటే జెస్సికా లాల్ హత్య కేసు గుర్తుకొస్తుంది. 1999లో ఢిల్లీలో జరిగిన ఆ కాల్పుల తరువాత పాయింట్ 22 ఖాళీ తూటాలు రెండు దొరికాయి, పిస్తోలు దొరకలేదు. ఆ రెండూ రెండు వేర్వేరు ఆయుధాల నుంచి వచ్చినట్లున్నాయన్న అభిప్రాయం విచారణలో ముద్దాయిలకు అక్కరకు వచ్చింది. 2006లో కింది కోర్టు వదిలేసింది, అదే ఏడాది చివర హైకోర్టు శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఈ శాస్త్రంలో "కాదు" అనే మాటకు కూడా "అవును" అన్నంత బరువుంటుందని చెప్పడానికే ఇది ఎత్తాను.

ఆర్మరర్_రిటైర్డ్
సాయుధ పోలీసు విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా చేశాను. మీరందరూ ఫ్యాక్టరీ తుపాకుల గురించే మాట్లాడుతున్నారు. మన రాష్ట్రాల్లో, ఉత్తరాదిలో కేసులకు వచ్చేవాటిలో నాటు సరుకు బాగానే ఉంటుంది. నీళ్ళ పైపు ముక్కకు చెక్క పిడి బిగించి, పాయింట్ 315 తూటానో 12 బోర్ తూటానో కాల్చేలా చేస్తారు. లోపల రైఫ్లింగ్ ఉండదు, గొట్టం తూటాకు సరిపోయే కొలతలోనూ ఉండదు. బుల్లెట్ తిరగకుండా గోడలను అక్కడక్కడ రాసుకుంటూ, తాడు వేయని బొంగరంలా తూలుతూ బయటపడుతుంది. దాని మీద గాడులు లెక్కపెడదామంటే ఏమీ ఉండవు.

ఖాళీ తూటా మాత్రం మాట్లాడుతుంది. నాటు పిస్తోలు ఫైరింగ్ పిన్ను మేకునో బోల్టునో ఆకురాయితో అరగదీసి చేసినది. దాని కొస గుండ్రంగా ఉండదు, మధ్యలోనూ తగలదు. ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) మీద పడిన గుంట ఆకారం, అది ఏ వైపుకు జరిగింది, అడుగున ఆకురాయి గీతలు ఎటు పోతున్నాయి అన్నవి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చేత్తో చేసినది కాబట్టి శేషు గారి బ్రోచ్ గొడవ ఇక్కడ తక్కువ.

ఏజెన్సీ ప్రాంతాల్లో భర్మార్ అని పిలిచే తుపాకీకి తూటాయే లేదు. మందు, గుండ్లు మూతి నుంచి కూరి, చివర క్యాప్ పెట్టి కాలుస్తారు. ఖాళీ తూటా పడదు, సీసపు గుండ్ల మీద పోల్చదగినదేదీ మిగలదు. ఆ క్యాప్ దొరికితే సుత్తి దెబ్బ గుర్తు చూడవచ్చు, అడవిలో క్యాప్ ఎక్కడ వెతుకుతారు?

ఊరికే_చదువరి
12 బోర్ అంటే 12 మిల్లీమీటర్లు అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నవాళ్ళు నాతోపాటు ఇంకెవరైనా ఉన్నారా?

ఆర్మరర్_రిటైర్డ్
గొట్టం లోపలి వ్యాసానికి సరిపడే సీసపు గుండ్లు పౌనుకు పన్నెండు తూగితే అది 12 బోర్. మిల్లీమీటర్లలో సుమారు 18.5. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. చిన్న గుండ్లను బట్టి తుపాకీని గుర్తుపట్టలేరు, తూటా లోపల మందుకు, గుండ్లకు మధ్యనుండే బిళ్ళ (వాడ్) దొరికితే బోరు చెప్పవచ్చు, ఖాళీ తూటా దొరికితేనే పోలిక.

మార్చురీ_డాక్టర్
ప్రయోగశాల దాకా చేరకముందే చెడిపోయే గుర్తుల గురించి ఎవరూ అనలేదు. పోస్టుమార్టంలో బుల్లెట్‌ను పళ్ళున్న ఫోర్‌సెప్స్‌తో పట్టి లాగితే, మెత్తటి సీసం మీద, రాగి తొడుగు మీద కొత్త గీతలు పడతాయి. అవి పడేది సరిగ్గా మీరు పోల్చదలచిన పక్క భాగం మీదే. గ్లవ్స్ వేసుకున్న వేళ్లతో తీయాలి, లేదంటే కొసలకు రబ్బరు గొట్టం తొడిగిన ఫోర్‌సెప్స్ వాడాలి. రక్తం నీళ్ళతో మెల్లగా కడిగి ఆరబెట్టి, ఒక్కొక్కదానిని విడిగా కాగితంలో చుట్టి, ఎక్కడి నుంచి తీసినదో రాసి సీలు వేయాలి. గుర్తు పెట్టవలసివస్తే అడుగున పెట్టాలి, పక్కన ఎప్పుడూ చెక్కకూడదు. రెండు బుల్లెట్లు ఒకే రేకు డబ్బాలో గలగలలాడుతూ రావడం నేను చూశాను.

పాత_మైక్రోస్కోపు
డాక్టరు గారు చెప్పినది తుపాకీకి కూడా వర్తిస్తుంది. పట్టుబడిన తుపాకీ మూతిలో పెన్నో కర్రో దూర్చి ఎత్తడం, పంపేముందు శుభ్రంగా నూనె పెట్టి తుడవడం, రెండూ చేయకూడనివే.

ఇక చంద్రిక గారి మొదటి ప్రశ్నకు వస్తాను. "ఎన్ని" అన్నదానికి అంకెతో సమాధానం చెప్పడానికి ప్రయత్నించినవారు ఆల్ఫ్రెడ్ బియసొట్టి అనే అమెరికన్ పరీక్షకుడు. 1959లో ఆయన పాయింట్ 38 రివాల్వర్లతో కాల్చిన బుల్లెట్లను పోల్చారు. ఒకే రివాల్వర్ నుంచి వచ్చిన సీసపు బుల్లెట్లలో సైతం కలిసిన గీతలు నూటికి 36 నుంచి 38 మాత్రమే. తొడుగున్న బుల్లెట్లలో 21 నుంచి 24. వేర్వేరు రివాల్వర్ల బుల్లెట్లలో 15 నుంచి 20 దాకా కలిశాయి. ఈ లెక్కల ప్రకారం, మీ ప్రాక్టికల్లో కలిసినవాటికంటే కలవనివి ఎక్కువ ఉండటంలో వింతేమీ లేదు. తొడుగున్న బుల్లెట్ల విషయంలో ఒకే తుపాకీకీ వేరే తుపాకీకీ తేడా ఒకట్రెండు శాతం దాకా దిగిపోవచ్చు కనుక, మొత్తం శాతాన్ని నమ్ముకుని తీర్పు చెప్పకూడదు.

తేడా బయటపడింది ఎడతెగకుండా వరుసగా కలిసిన గీతల్లో. 1997లో బియసొట్టి, మర్డాక్ కలిసి ప్రతిపాదించిన హద్దు ఇది. లోతున్న గుర్తుల్లో అయితే ఒకే స్థానంలో వరుసగా మూడేసి కలిసిన గుంపులు కనీసం రెండు ఉండాలి, లేదా వరుసగా ఆరు కలిసిన గుంపు ఒకటి ఉండాలి. లోతు లేని పైపై గీతల్లో ఐదేసివి రెండు, లేదా ఎనిమిదిది ఒకటి. ఉపవర్గ లక్షణాలను ముందే తీసేసిన తరువాతే ఈ లెక్క మొదలవుతుంది.

వరంగల్_వకీలు
ఈ హద్దును మన ప్రయోగశాలల నివేదికల్లో పేర్కొన్న సందర్భం నా కంటపడలేదు. వరుస గీతలు ఇన్ని కలిశాయి, ఫోటో ఇది అని రాస్తే, నేను అడ్డు విచారణలో అడిగే ప్రశ్నల్లో సగం అవసరం ఉండదు.

పాత_మైక్రోస్కోపు
ఈ లెక్క గీతలకే పనికొస్తుంది, నొక్కుడు గుర్తులకు పనికిరాదు. ఫైరింగ్ పిన్ గుంటలో వరుస గీతలు ఎక్కడ లెక్కపెడతారు? అందుకే చాలామంది ఆకృతి పోలికనే వాడతారు, వరుస లెక్కను తోడు తెచ్చుకుంటారు.

బాల్టిమోర్_బాబాయి
నేను ఉండే మేరీల్యాండ్‌లో 2023 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు అబ్రూక్వా కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ ప్రస్తావించదగినది. బుల్లెట్ మీది గుర్తులు ఈ తుపాకీ వేసే గుర్తులకు విరుద్ధంగా లేవని పరీక్షకుడు చెప్పవచ్చు గానీ, ఈ తుపాకీ నుంచే వచ్చిందని నిస్సందేహంగా చెప్పరాదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. 1929 నాటి చికాగో సెయింట్ వాలెంటైన్స్ డే హత్యల కేసులో కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు హంతకులు వాడిన థాంప్సన్ తుపాకులను గుర్తించి ఈ విద్యకు ఖ్యాతి తెచ్చిన దేశంలోనే ఇప్పుడు ఈ మాట వినబడుతోంది.

క్లూస్_టీమ్_మాజీ
పేపరు పేరులో పనిముట్లు కూడా ఉన్నాయి, వాటిని అందరూ వదిలేశారు. మాకు జిల్లాలో తుపాకీ కేసు ఎప్పుడో ఒకటి వచ్చేది. హుండీ తాళాలు, దుకాణం షట్టర్లు, పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి తీగ ఎత్తుకెళ్ళడం, బోరు మోటారు కేబుల్ కత్తిరించడం మాత్రం వారం వారం ఉండేవి. కట్టర్‌తో తెంపిన తీగ కొసను లెన్సు కింద చూడండి. రెండు వైపుల నుంచి దవడలు వచ్చి కలిసినచోట సన్నటి గట్టు, దానికి రెండు పక్కలా వాలుల మీద సమాంతర గీతలు ఉంటాయి. ఆ గీతలు కట్టర్ అంచు గుర్తులు. హాక్సా బ్లేడుతో కోసినచోట మాత్రం ప్రతి కోత ముందరి కోతను చెరిపేస్తుంది కనుక, బ్లేడును గుర్తుపట్టే ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, దొరికిన స్క్రూ డ్రైవర్‌ను తలుపు మీది నొక్కులో పెట్టి సరిపోతుందా అని చూడకూడదు. అలా చూసిన క్షణం నుంచి ఆ గుర్తు దొంగదో మనదో తెలియదు, పెయింటు కూడా అటూఇటూ అంటుకుంటుంది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడగల నేరాలకు ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్ళాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 176(3)వ సెక్షన్ చెబుతోంది. వాళ్ళు వచ్చేదాకా ఆగితే చాలు.

టూల్‌రూమ్_శేషు
స్క్రూ డ్రైవర్‌కు రెండు ముఖాలు, రెండు మూలలు ఉంటాయి. పట్టిన కోణం పది పదిహేను డిగ్రీలు మారితే పడే గీతలు మారిపోతాయి. పరీక్ష గుర్తులు ఎన్ని కోణాల్లో వేయాలి?

క్లూస్_టీమ్_మాజీ
ప్రతి ముఖంతోనూ, నిలువు నుంచి పడుకోబెట్టే దాకా కోణం మారుస్తూ, ముందుకూ వెనక్కూ లాగుతూ వేయాలి. ముందు సీసపు రేకు మీద వేయాలి, మెత్తనిది కనుక పనిముట్టు అంచు చెడదు. నేర స్థలంలో గుర్తు పడిన లోహం మీద తరువాత చూసుకోవచ్చు.

చెక్క మీది గుర్తులకూ ఇదే పద్ధతి. అమెరికా వైమానికుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ కేసులో ఆర్థర్ కోలర్ అనే కలప నిపుణుడు, దొరికిన నిచ్చెన చెక్కను చిత్రిక పట్టిన యంత్రం కత్తుల గుర్తులను బట్టి సౌత్ కరోలినాలోని మిల్లు దాకా వెళ్ళారు. ముద్దాయి ఇంట్లోని చిత్రిక కత్తి గాట్లను నిచ్చెన మీది గాట్లతో పోల్చి 1935 విచారణలో సాక్ష్యం చెప్పారు.

చంద్రిక_ఎమ్మెస్సీ
నాకు రెండు సందేహాలు మిగిలాయి. గ్లాక్ పిస్తోళ్ళ బుల్లెట్లను పోల్చడం కష్టమని విన్నాను, అది నిజమేనా? రెండో పరీక్షకుడు సరిచూసేటప్పుడు మొదటివారి ఫలితం తెలిసి చూస్తారా, తెలియకుండా చూస్తారా?

పాత_మైక్రోస్కోపు
పాత తరాల గ్లాక్ గొట్టాల్లో గాడుల అంచులు పదునుగా ఉండవు, బహుభుజి ఆకారంలో గుండ్రంగా ఒదిగి ఉంటాయి. అందువల్ల బుల్లెట్ మీద గీతలు పలచగా పడతాయి, పోలిక కష్టమే. ఐదవ తరంలో ఆ గొట్టం మార్చారు. అయితే గ్లాక్ ఖాళీ తూటా చాలా ఉదారంగా ఉంటుంది. ఫైరింగ్ పిన్ రంధ్రం దీర్ఘచతురస్రంగా ఉండటం వల్ల ప్రైమర్ లోహం అందులోకి ఉబ్బుతుంది, గొట్టం వెనుక భాగం కిందికి దిగేటప్పుడు ఆ ఉబ్బు అంచు కోతపడి సన్నటి గీతలు మిగులుతాయి. ముందు అక్కడ చూడండి.

రెండో సందేహానికి సమాధానం, చాలాచోట్ల తెలిసే చూస్తారు. సహోద్యోగి తేల్చిన జతనే చేతిలో పెట్టి "చూడు" అంటారు. తెలియకుండా చూపడమే సరైన పద్ధతి. తేల్చినవాటితోపాటు తేల్చలేమన్న జతలను, కాదన్న జతలను కలిపి ఇవ్వాలి. లేకపోతే చేతికి వచ్చిందంటేనే "సరిపోయింది" అని అర్థమైపోతుంది.

వరంగల్_వకీలు
ఈ పేరాను నా డైరీలో రాసుకున్నాను. రాబోయే కేసులో నా మొదటి ప్రశ్న ఇదే.

పాత_మైక్రోస్కోపు
అడగండి. నన్ను మాత్రం సాక్షిగా పిలవకండి.

చంద్రిక_ఎమ్మెస్సీ
వచ్చే ప్రాక్టికల్లో బ్రీచ్ ఫేస్ అచ్చు తీసుకోవడానికి అనుమతి అడుగుతాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సరిపోతుందా?

క్లూస్_టీమ్_మాజీ
చాలదు, అది బూటు అచ్చులకు. సన్నటి గీత ప్లాస్టర్‌లోకి రాదు. గట్టిపడే సిలికోన్ రబ్బరు వాడండి, ముదురు రంగుది అయితే మైక్రోస్కోపు కింద వెలుతురు చెదరదు. గాలి బుడగ పడకుండా ఒక అంచు నుంచి నెమ్మదిగా పరచండి. ఎండిన తరువాత, తీసేముందు, ఏది పైవైపో అచ్చు వెనుక బాణం గుర్తు వేసుకోండి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, అచ్చును ఖాళీ తూటాతో నేరుగా పోల్చవచ్చు గానీ తుపాకీతో కాదు.